మడత తుంటి దగ్గర పడాలి, పొట్ట దగ్గర కాదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఐదు వారాల పాప, 3.9 కిలోలు, ఎదురుకాళ్ళతో ఉందని సిజేరియన్ చేశారు. పాలు తాగిన ప్రతిసారీ ఎంతో కొంత కక్కేస్తోంది, పడుకోబెట్టగానే మెలికలు తిరిగి ఏడుస్తోంది, పగలు భుజాన వేసుకుంటే తప్ప నిద్రపోవట్లేదు. బరువు బాగానే పెరుగుతోంది, ఇది మామూలు రిఫ్లక్సే, అంటే తాగిన పాలు పొట్టలోంచి పైకి రావడమే అని డాక్టర్ చెప్పారు. ఎవరో ఇచ్చిన బకిల్ క్యారియర్‌లో (పట్టీలు, బకిల్స్‌తో బిడ్డను ఒంటికి కట్టుకునే సాధనం) వేసుకుంటే ఇంకా ఎక్కువ కక్కుతోంది, వెనక్కి విల్లులా వంగిపోతోంది. ఇంట్లోవాళ్ళేమో కాళ్ళు అంత ఎడంగా పెడితే తుంటి పాడవుతుందని భయపెడుతున్నారు. తుంటికి మంచిదని చెప్పే స్లింగ్ (బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ) రిఫ్లక్స్‌కు చెడ్డదా, రెండింటికీ పనికొచ్చేది ఏది కొనాలి అన్నది మీ ప్రశ్న.

పన్నెండేళ్ళుగా కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళకు స్లింగ్ కట్టుకోవడం నేర్పిస్తున్నాను. నా రెండోవాడు కూడా ఇలాగే మొదటి నాలుగు నెలలూ నా గుండెల మీదే పెరిగాడు. కాబట్టి మీరు ఏ స్థితిలో కూర్చుని ఇది రాశారో నాకు తెలుసు. ముందు జవాబు చెప్పేస్తాను. తుంటికి మంచిదైన తీరే రిఫ్లక్స్‌కూ మంచిది. షరతు ఒక్కటే: బిడ్డ ఒంట్లో మడత తుంటి కీలు దగ్గర పడాలి, పొట్ట మధ్యలో పడకూడదు. మీ పాప ఆ క్యారియర్‌లో ఎందుకు ఎదురు తిరుగుతోంది, ఏది కొనాలి, ఎలా కట్టాలి అన్నవన్నీ ఈ ఒక్క మాట పట్టుకుంటే తేలిపోతాయి.

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండరం మూతలా పనిచేస్తుంది. అది అప్పుడప్పుడూ దానంతటదే సడలుతుంది. పెద్దవాళ్ళలోనూ సడలుతుంది, కానీ మనం తినేది గట్టి తిండి, రోజులో ఎక్కువసేపు నిలువుగా ఉంటాం. పాపది చిన్న పొట్ట, అందులో నిండా పాలు, రోజంతా పడకే. మూత సడలిన క్షణంలో పొట్ట మీద ఏ కాస్త ఒత్తిడి పడినా పాలు పైకొస్తాయి. సాధారణంగా నాలుగు నెలల వయసు దగ్గర ఇది బాగా ఎక్కువగా ఉండి, కూర్చోవడం, నిలబడటం వచ్చేకొద్దీ తగ్గుతూ, ఏడాది నిండేసరికి చాలామంది పిల్లల్లో పోతుంది. ఏ స్లింగూ దీనికి మందు కాదు. రిఫ్లక్స్ పిల్లల కోసమే ప్రత్యేకంగా చేశామని ఎవరైనా క్యారియర్ అమ్మజూపితే ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టకండి.

మరి స్లింగ్ చేసే మేలు ఏమిటంటే, పాలు తాగాక బిడ్డను ఇరవై, ముప్పై నిమిషాలు నిలువుగా ఎత్తుకోమని డాక్టర్లు చెప్పే పనిని, మీ చేతులు పడిపోకుండా చేయించడం. రోజుకు ఎనిమిది, పదిసార్లు పాలిచ్చే తల్లికి అది చిన్న సాయం కాదు. పైగా ఎత్తుకుంటే ఏడుపు తగ్గుతుంది. ఏడుపు తగ్గితే మింగే గాలి తగ్గుతుంది, పొట్ట బిగబట్టడం తగ్గుతుంది. 1986లో హంజికర్, బార్ అనే పరిశోధకులు 99 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనంలో, రోజుకు కనీసం మూడు గంటలు అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరో వారానికి మిగతా పిల్లలకన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. సాయంత్రం పూట ఆ తేడా 51 శాతం. వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్న పిల్లలే, రిఫ్లక్స్ ఉన్నవాళ్ళని ఎంచి చేసిన అధ్యయనం కాదు. అయినా మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడే చాలామంది పొరపడే చోటు ఒకటుంది. బిడ్డను నిలువుగా ఉంచడం వేరు, కూర్చోబెట్టడం వేరు. 1983లో సూసన్ ఓరెన్‌స్టీన్ బృందం రిఫ్లక్స్ ఉన్న పసిపిల్లలను వాలుగా ఉండే చిన్న కుర్చీలో ఉంచి చూసింది. అప్పటిదాకా డాక్టర్లు అదే మంచిదని చెప్పేవారు. తీరా చూస్తే, బోర్లా పడుకున్నప్పటికన్నా ఆ కుర్చీలోనే రిఫ్లక్స్ ఎక్కువైంది. (బోర్లా నిద్రపుచ్చమని కాదు, ఆ సంగతి కింద చెబుతాను.) కారణం వింత కాదు. పసిబిడ్డకు నడుము నిలబడదు. కుర్చీలో వాలిస్తే కుంగిపోతుంది, గడ్డం ఛాతీ మీదికి వాలుతుంది, పొట్ట నడిమికి మడతపడి లోపలి పాలను నొక్కుతుంది. కారు సీటులో పాప ఎక్కువగా కక్కుతుందని తల్లులు నాతో అనేది ఇందుకే.

వదులుగా ఉన్న క్యారియర్ కూడా సరిగ్గా ఆ కుర్చీ చేసే పనే చేస్తుంది. మీ పాప దాంట్లో జారి, కుంగి, పొట్ట మడతపడి కూర్చుంటోందని నా అనుమానం. వెనక్కి విల్లులా వంగడం మొండితనం కాదు. నొక్కుకుపోయిన పొట్టను సాగదీసుకోవడానికి ఆ వయసులో దానికి తెలిసిన దారి అదొక్కటే.

ఇక తుంటి సంగతి. పుట్టినప్పుడు తుంటి కీలులోని గిన్నె చాలావరకు మెత్తటి మృదులాస్థి. తొడ ఎముక బంతి ఆ గిన్నెలో ఎంత బాగా కూర్చుంటే గిన్నె అంత బాగా గుండ్రంగా లోతుగా తయారవుతుంది. మోకాళ్ళు పిరుదులకన్నా కాస్త పైన, తొడలు ఎడంగా ఉన్నప్పుడు బంతి గిన్నె నడుమన కూర్చుంటుంది. కాళ్ళు తిన్నగా, దగ్గరగా కిందికి లాగినట్టు ఉంటే అంచు వైపుకు పోతుంది. అంతర్జాతీయ హిప్ డిస్ప్లాసియా (తుంటి కీలు సరిగ్గా ఏర్పడకపోవడం) సంస్థ క్యారియర్ల విషయంలో సిఫారసు చేసేది కూడా ఈ తీరునే: తొడలు మోకాలి దాకా గుడ్డ మీద ఆని ఉండాలి, మోకాళ్ళు పిరుదుల మట్టానికి కాస్త పైన ఉండాలి. ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ ఎమ్ అక్షరంలా కనిపిస్తుంది.

కాళ్ళు ఎడంగా పెడితే తుంటి పాడవుతుందన్న మీ ఇంటివాళ్ళకు ఒక మాట చెప్పండి. తుంటి జారిన పసిపిల్లలకు డాక్టర్లు వేసే పట్టీల పేరు పావ్లిక్ హార్నెస్. అది చేసేదేమిటంటే పిల్లల కాళ్ళను ముడిచి, ఎడంగా, కప్పకాళ్ళలా నిలిపి ఉంచడం. అంటే మీరు భయపడుతున్న ఆ తీరే అక్కడ వైద్యం. దీనికి తిరగేసిన ఉదాహరణ జపాన్‌లో ఉంది. అక్కడ పిల్లల కాళ్ళు తిన్నగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం మానమని 1970లలో పెద్దయెత్తున ప్రచారం చేశారు. ఆ తర్వాత తుంటి జారే కేసులు బాగా తగ్గిపోయాయి.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. తొడల మధ్య సన్నటి పట్టీతో కాళ్ళు వేలాడే క్యారియర్ వాడితే ఆరోగ్యంగా ఉన్న తుంటి జారిపోతుందని రుజువు లేదు. అలాంటి దాంట్లో పది నిమిషాలు తిప్పినందుకు ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. కానీ మీ విషయం వేరు. ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ, అందులోనూ ఆడపిల్ల. రెండూ తుంటి సమస్యకు అవకాశం పెంచే విషయాలే. పైగా మీరు రోజుకు పది నిమిషాలు కాదు, గంటలు గంటలు వేసుకోబోతున్నారు. అందుకే మీకు తుంటికి మంచిదన్నది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అంటాను. ఎదురుకాళ్ళ పిల్లలకు ఆరు వారాల వయసు దగ్గర తుంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ తీస్తారు. మీకు రాసివ్వకపోతే ఈ వారమే అడగండి. స్లింగ్ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ఇప్పుడు మడత గురించి కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మాటల్లో చెబితే తేలికగా అనిపించి చేతిలో తప్పిపోయేది ఇక్కడే. పాపను గుండెకు నిలువుగా ఆనించుకోండి. ఒక అరచేతిని గుడ్డ లోపలికి పోనిచ్చి దాని పిరుదుల కిందికి తీసుకురండి. రెండో చేత్తో ఒక మోకాలి కింది గుంటలో వేలు పెట్టి కాస్త పైకి ఎత్తండి, తర్వాత రెండో మోకాలు. పిరుదుల కింది చేత్తో కటిభాగాన్ని మీ పొట్టవైపుకు మెల్లగా తిప్పండి, చిన్న గిన్నెను పక్కకు వంచినట్టు. ఎత్తడం కాదు, తిప్పడం. అప్పుడు పాప కింది భాగం మీ బొడ్డు వైపుకు ఒంపు తిరుగుతుంది, మోకాళ్ళు వాటంతటవే పైకొస్తాయి, వీపు కింది భాగం మెత్తగా గుండ్రమవుతుంది. పొట్ట, ఛాతీ మాత్రం మీ ఒంటికి బల్లపరుపుగా అతుక్కుని ఉంటాయి. మడత తొడా పొట్టా కలిసేచోట పడింది, పొట్టలో పడలేదు.

దీనికి పరీక్ష ఉంది. పాప రొమ్ముకూ మీ రొమ్ముకూ మధ్య అరచేయి అడ్డంగా దూర్చి చూడండి. చేయి సులువుగా దూరితే అక్కడ ఖాళీ ఉంది, పాప కాసేపటికి ఆ ఖాళీలోకి కుంగుతుంది. ఇంకోటి, వీపు మీద చేయి వేసి మీ వైపుకు మెల్లగా నొక్కండి. పాప ఇంకా దగ్గరకు జరిగినా, ముడుచుకున్న వీపు తిన్నగా సాగినా, గుడ్డ వదులుగా ఉన్నట్టే. విప్పేసి మళ్ళీ కట్టాలి.

రిఫ్లక్స్ పిల్లల తల్లులు చేసే పొరపాటు ఇక్కడే. పొట్ట నొక్కుకుంటుందేమో అని కావాలని వదులుగా కడతారు. నేనూ చేశాను. మావాడికి ఆరు వారాలప్పుడు, పాపం పొట్ట నిండా పాలున్నాయని స్ట్రెచీ ర్యాప్‌ను (సాగే గుడ్డ చుట్టును) బాగా వదిలేసి కట్టాను. పావుగంటకల్లా వాడు నా రొమ్ముల కింద దాకా జారి, గడ్డం ఛాతీకి ఆనించి, పిల్లిపిల్లలా ముడుచుకుపోయి ఉన్నాడు. తాగిన పాలన్నీ నా చొక్కా మీదే. భయం కూడా వేసింది, ఎందుకంటే వాడి ముఖం గుడ్డలోకి పోయి ఉంది. ఒంటికంతా సమంగా ఆనిన బిగువు పొట్టను నొక్కదు. మీరు చేతులతో గుండెకు హత్తుకున్నప్పుడు పాప హాయిగానే ఉంటుంది కదా, గుడ్డ ఆ చేతుల బిగువునే అనుకరించాలి. ఒకచోట తాడులా కోసుకుపోయే బిగువే చెడ్డది.

ఈ భంగిమ కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. 1978లో బొగొటాలోని ఆసుపత్రిలో ఎడ్గర్ రే అనే డాక్టర్ ఇంక్యుబేటర్లు చాలక నెలలు నిండని పిల్లలను తల్లుల గుండెలకు ఆనించి కట్టించాడు. కంగారూ సంరక్షణ అని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేది దాన్నే. ఆ సంస్థ మార్గదర్శకంలో రాసిన తీరు చూడండి: ఛాతీకి ఛాతీ ఆనించి నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి కాస్త పైకెత్తినట్టు, తుంటి ముడిచి కప్పకాళ్ళలా. ఊపిరికి, తుంటికి, పొట్టకు విడివిడిగా మూడు భంగిమలు లేవు, ఒకటే ఉంది.

ఇక కొనే సంగతి. మీ పాప వయసుకు, బరువుకు, మీ కుట్లకు నేను మొదట ఎంచేది స్ట్రెచీ ర్యాప్, అంటే సాగే గుడ్డతో చేసిన పొడవాటి చుట్టు. సుమారు ఐదు మీటర్లుంటుంది. ఒకసారి కట్టుకుంటే పాపను తీసి పాలిచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చు, ప్రతిసారీ విప్పక్కర్లేదు. రిఫ్లక్స్ పిల్లలకు ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను దీన్ని ముందు పెడతాను. గుడ్డ సాగుతుంది కాబట్టి మూడు పొరలూ పాప వీపు మీదుగా పోవాలి, ఒక్క పొర మీద వదలకూడదు. పాప రాకముందే గట్టిగా కట్టుకోవాలి. టీషర్టు బిగుతుగా ఉన్నట్టు ఒంటికి అతుక్కుని ఉండాలి. లోపల పాప వచ్చాక ఆ సాగుడంతా వాడుకుంటుంది. వేళ్ళతో పట్టి లాగితే రబ్బరులా సాగుతూనే పోయే పలచటి గుడ్డ తీసుకోకండి. లాగినప్పుడు కాస్త సాగి ఆగిపోయి, వదిలితే వెంటనే వెనక్కి వచ్చేదాన్ని చూడండి. ఇబ్బంది వేడి. మూడు పొరలు అంటే పాపకు మూడు జతల బట్టలు వేసినట్టే. లోపల ఒక్క పలచటి చొక్కా చాలు. మెడ వెనక చేయిపెట్టి చూస్తూ ఉండండి, చెమటగా వేడిగా ఉంటే బయటికి తీయండి.

రెండోది రింగ్ స్లింగ్. రెండు మీటర్ల నేసిన గుడ్డ, భుజం దగ్గర రెండు రింగులు. నడుము పట్టీ ఉండదు కాబట్టి కుట్ల మీద ఏమీ తగలదు. ఒక్క పొరే, ఉక్కపోత తక్కువ, కక్కితే ఉతకడం ఆరేయడం తేలిక. గుడ్డ అంచు ఒక్కొక్క పోగునూ రింగులోంచి విడిగా లాగి బిగించవచ్చు. పై అంచు వదులుగా ఉంటే పై అంచే, నడుమ వదులుగా ఉంటే నడుమే. మడత ఎక్కడ పడాలో అక్కడ పడేలా ఇంత సన్నగా సర్దుకోనిచ్చేది ఇంకోటి లేదు. కష్టం ఏమిటంటే నేర్చుకోవడానికి వారం పడుతుంది, బరువంతా ఒక భుజం మీదే పడుతుంది. అరగంటకోసారి భుజం మార్చుకోండి. రింగులకు అతుకు ఉండకూడదు. చేతిలోకి తీసుకుని చుట్టూ వేలు రాసి చూడండి, అతికిన గీత తగిలితే పక్కన పెట్టేయండి.

సాగని నేత గుడ్డ ర్యాప్ మంచిదే, చాలాకాలం పనికొస్తుంది, కానీ నిద్రలేని తల్లికి ఈ వారంలో నేర్చుకోమని నేను చెప్పను. సంచిలా ఉండే స్లింగ్‌లు, బిడ్డను అడ్డంగా ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు పెట్టేవి మీకు అసలొద్దు. అందులో బిడ్డ సగానికి మడతపడుతుంది, రిఫ్లక్స్‌కు అంతకన్నా చెడ్డ భంగిమ ఉండదు. ఊపిరికి కూడా. అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 2010 మార్చిలో స్లింగ్‌ల గురించి హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు 20 ఏళ్ళలో స్లింగ్‌లతో ముడిపడిన 14 మరణాలను అది లెక్క చెప్పింది. వాళ్ళలో 12 మంది నాలుగు నెలల లోపు పిల్లలు. ఊపిరాడకపోవడానికి రెండు దారులు: ముక్కూ నోరూ గుడ్డకో ఒంటికో అణిగిపోవడం, గడ్డం ఛాతీకి ఆని గొంతు నలిగిపోవడం. రెండోదాంట్లో బిడ్డ ఏడవనైనా ఏడవలేదు, చప్పుడే ఉండదు. ముందుకు తిరిగి కూర్చోబెట్టే తీరు మెడ బాగా నిలిచేదాకా, ఐదారు నెలలు దాటేదాకా ఆలోచించకండి.

బకిల్ క్యారియర్‌ను పూర్తిగా పక్కన పెట్టమనను, మీ ఆయనకు అదే సులువు. మీ దగ్గరున్నదాని మీద కనీస బరువు ఎంత రాసుందో ముందు చూడండి. చాలావాటికి 3.2 నుంచి 3.5 కిలోలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ, లేదా పసిపిల్లల కోసం విడిగా ఒక కుషన్ కావాలి. తర్వాత కూర్చునే భాగం వెడల్పు చూడండి. ఒక మోకాలి గుంట నుంచి రెండో మోకాలి గుంట వరకు గుడ్డ ఉండాలి, అంతే. తక్కువైతే కాళ్ళు వేలాడతాయి, అది అందరికీ తెలుసు. ఎక్కువైనా తప్పే అని ఎవరూ చెప్పరు. మోకాళ్ళు దాటి గుడ్డ పోతే కాళ్ళు పక్కలకు చాచుకుపోయి, కటిభాగం తిరగక, పాప నడుము నుంచి ముడుచుకుని పొట్ట మీదే మడతపడుతుంది. పసిబిడ్డ తొడలు ఏడాది పిల్లలవి తెరుచుకున్నంత తెరుచుకోవు. బలవంతంగా ఎడం చేయకూడదు. మీ పాప ఆ క్యారియర్‌లో వెనక్కి వంగడానికి దాని వెడల్పు ఎక్కువ కావడం కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. చాలావాటికి లోపల తాడో వెల్‌క్రోనో ఉంటుంది, సన్నం చేసి చూడండి.

ఆ క్యారియర్‌లో చూడాల్సిన మూడోది నడుము పట్టీ. ఎక్కువమంది దాన్ని తుంటి ఎముకల మీద కడతారు, పెద్ద పిల్లలకు అది సరే. ఐదు వారాల పాపకు మాత్రం అలా కడితే పాప మీ పొట్ట దగ్గర ఉండిపోతుంది, ముఖం కనపడదు, భుజం పట్టీలు బిగిస్తే పైనుంచి కిందికి నొక్కుతాయి. పట్టీని పక్కటెముకల కిందికి, బాగా పైకి తెచ్చి కట్టండి. పాప తల మీద మీరు తల వంచితే ముద్దు పెట్టుకోగలిగేంత ఎత్తులో ఉండాలి. పట్టీ పైకొస్తే మీ కుట్లకు కూడా తగలదు. అయినా గాయం పూర్తిగా మానేదాకా మీరు దాన్ని వాడకుండా ర్యాపో రింగ్ స్లింగో వాడటమే నయం.

ఏది కట్టినా చూసుకోవాల్సినవి బ్రిటన్‌లోని స్లింగ్ తయారీదారులు, అమ్మకందారులు కలిసి ఒక చిన్న సూత్రంలా రాసిపెట్టారు, నేను నేర్పేదీ అదే: ఒంటికి బిగువుగా, ముఖం ఎప్పుడూ కనపడేలా, ముద్దుకు అందేంత దగ్గరగా, గడ్డం ఛాతీకి ఆనకుండా, వీపుకు ఆసరాగా. గడ్డం కింద రెండు వేళ్ళు పట్టాలి. గుడ్డ పై అంచు మెడ వెనక దాకా వచ్చి ఆగాలి. పాప నిద్రపోయాక తల నిలపడానికి చెవి కింది దాకా రావచ్చు, తల మొత్తం కప్పకూడదు. చెంప మీ రొమ్ముకు ఆని, ముక్కు బయటికి ఉండాలి.

కక్కినప్పుడు తుడవడానికని పాప గడ్డం కింద గుడ్డ ముడిచి దూర్చే అలవాటు చాలామందిలో చూస్తాను. దయచేసి వద్దు. అది గడ్డాన్ని కిందికి తోస్తుంది, జారి ముక్కు మీదికి వస్తుంది. నేను చేసేది ఇది: స్లింగ్ కట్టుకోకముందే మెత్తటి నూలుగుడ్డ ఒకటి నా ఛాతీ మీద బల్లపరుపుగా పరిచి, దాని పై కొసలు రెండూ చొక్కా లోపలికి నెక్కి, ఆ తర్వాత పైన స్లింగ్ కట్టేదాన్ని. పాప చెంప దాని మీద ఆనుతుంది, గుడ్డ కదలదు. తడిసిందంటే పాపను తీసినప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. స్లింగులు మాత్రం రెండుండాలి. ఒకటి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

పాలు తాగాక వెంటనే కట్టుకోకండి. ఐదు, పది నిమిషాలు చేతుల్లోనే భుజాన వేసుకుని, తేన్పు వచ్చాక పెట్టండి. గుడ్డను నడుమన లాగి బిగించే పనులన్నీ పాప రాకముందే అయిపోవాలి, నిండు పొట్ట మీద తంటాలు పడకూడదు. పెట్టాక కుర్చీలో కూర్చోకండి. మీరు కూర్చుంటే మీ పొట్ట ముందుకొచ్చి పాపను మడుస్తుంది. నిలబడి, మెల్లగా నడవండి. కింద పడింది తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్ళు వంచండి, ఒక చేయి పాప తల వెనక ఉంచండి. స్లింగ్‌లోనే పాలివ్వడం ఇప్పుడప్పుడే వద్దు. పొయ్యి దగ్గర, బండి మీద, కారులో స్లింగ్ అసలు పనికిరాదు.

పాప గుండెల మీద నిద్రపోతే పోనివ్వండి, మీరు మెలకువగా ఉండి ముఖం చూస్తున్నంతసేపు పర్వాలేదు. మీకు కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం తీసేయాలి. స్లింగ్‌తో సోఫాలో వాలి నిద్రపోవడం ప్రమాదం. పడుకోబెట్టేటప్పుడు రిఫ్లక్స్ ఉన్నా సరే, గట్టి పరుపు మీద, చదునుగా, వెల్లకిలా. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ స్పష్టంగా చెప్పే మాట ఇది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కాబట్టి పైకొచ్చిన పాలు గొంతులోకి వచ్చినా మళ్ళీ కిందికే పోతాయి. తల ఎత్తుగా పెట్టే వాలు పడకలు కొనకండి. అమెరికాలో 2022లో చట్టం చేసి 10 డిగ్రీలకు మించి వాలున్న పిల్లల పడకలను నిషేధించారు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే స్లింగ్ ఏదని ఆలోచించకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి: కక్కినదాంట్లో ఆకుపచ్చ పసరు, రక్తం, పాలు దూరంగా చిమ్మినట్టు పదేపదే వాంతి కావడం, పాలు తాగనని మొరాయించడం, తడిపే డైపర్లు తగ్గిపోవడం, బరువు ఆగిపోవడం, 38 డిగ్రీల జ్వరం. ఊపిరి ఆగినట్టయినా, ఒళ్ళు నీలంగా మారినా గంట కూడా ఆగొద్దు. తుంటికి సంబంధించి అయితే డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత తెరుచుకోకపోవడం, ఒక కాలు పొట్టిగా కనిపించడం. తొడ మీది ముడతలు రెండువైపులా సమంగా లేకపోవడం మామూలు పిల్లల్లోనూ ఉంటుంది కాబట్టి అదొక్కటే చూసి హడలిపోకండి, కానీ చూపించండి. ఒకవేళ స్కాన్‌లో తేడా కనిపించి పావ్లిక్ హార్నెస్ వేసినా ఎత్తుకోవడం ఆగిపోనక్కర్లేదు. హార్నెస్ పైనుంచే స్ట్రెచీ ర్యాప్ కట్టుకున్న తల్లులకు నేనే నేర్పించాను, ఎముకల డాక్టర్‌కు చూపించి సరేనన్నాక.

కొత్తది వచ్చాక మొదటిరోజు పాప నిద్రమత్తులో, సగం కడుపుతో ఉన్నప్పుడు పది నిమిషాలకు మించకుండా కట్టి చూడండి. ఆకలితో ఏడుస్తున్నప్పుడో, అప్పుడే కడుపునిండా తాగినప్పుడో కొత్త గుడ్డతో కుస్తీ పడితే ఇద్దరూ అలసిపోతారు. కట్టాక మీ ఆయన్ని పక్కకు నిలబెట్టి పాప మట్టానికి ఫోన్ దించి ఒక ఫొటో తీయమనండి. అద్దంలో ముందునుంచి కనిపించేది చాలదు. ఫొటోలో మూడు చోట్లు చూడండి: గడ్డానికీ ఛాతీకీ మధ్య వెలుతురు కనిపిస్తోందా, పాప పొట్టకూ మీ పొట్టకూ మధ్య ఖాళీ ఉందా, మోకాలు పిరుదుకన్నా పైన ఉందా. ఇరవై నిమిషాల తర్వాత అదే చోటినుంచి ఇంకో ఫొటో తీయించి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. రెండోదాంట్లో పాప రెండు వేళ్ళ మందం కిందికి దిగి ఉంటే, గుడ్డ పై అంచు పట్టుకుని లాగడంతో సరిపెట్టకుండా మొత్తం విప్పి మొదటినుంచి కట్టండి.